జీడితోటల దారిలో సముద్రానికి

ఒమన్‌లో మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1,000 కిలోమీటర్లు. నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుని, రాత్రిళ్లు గుడారం వేసుకుని, తక్కువ ఖర్చుతో ఎడారినీ కడలినీ చుట్టివచ్చేవాళ్లు చాలామంది. తీరా సలాలా చేరాక కనిపించేవి కొబ్బరితోటలు, రోడ్డు పక్కన బొండాల దుకాణాలు! వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్లకు అవి కొత్త కాదు. కవిటిలో, సోంపేటలో, వజ్రపుకొత్తూరులో పుట్టినవాళ్లు కొబ్బరి నీడలోనే పెరిగారు. ఆ సొంతూళ్ల తీరాన్ని మాత్రం తెలుగువాళ్లలో ఎక్కువమంది రైలు కిటికీలోంచి కూడా సరిగా చూడకుండా దాటిపోతారు.

కిడ్నీ జబ్బు గురించో, తుపాను గురించో రాయాల్సి వచ్చినప్పుడే పత్రికల్లో ఉద్దానం పేరు కనిపిస్తుంది. అక్కడికి విహారానికి వెళ్లొచ్చన్న ఆలోచనే చాలామందికి రాదు. నిజానికి చిన్న బడ్జెట్‌కు ఇంతగా ఒదిగే తీరం రాష్ట్రంలో అరుదు.

ముందు దారి సంగతి. 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్తుంది. సముద్రం దానికి తూర్పున, కొంచెం ఎడంగా ఉంటుంది. టెక్కలి నుంచి నౌపడ మీదుగా భావనపాడుకు, పలాస నుంచి అక్కుపల్లి శివసాగర్ తీరానికి, సోంపేట నుంచి బారువకు విడివిడిగా దిగాలి. అందుకే ఒక్క రోజులో అన్నీ చూసేయాలనుకుంటే పొద్దంతా బండి మీదే గడిచిపోతుంది. రెండు రాత్రులైనా ఉండేలా చూసుకోవాలి. బస టెక్కలిలోనో, పలాసలోనో పెట్టుకుంటే లాడ్జీలకూ భోజనానికీ ఇబ్బంది ఉండదు.

ఇలా దిగుతూ ఎక్కుతూ ఇచ్ఛాపురం దాకా వెళ్లి మళ్లీ టెక్కలి చేరడానికి 300 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. లీటరుకు 45 ఇచ్చే బైకుకు ఏడు లీటర్ల పెట్రోలు సరిపోతుంది. బండి లేనివాళ్లకు హౌరా–చెన్నై మార్గంలో పలాస స్టేషన్ ఉంది. టెక్కలిలోనూ పలాసలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులుండవు, గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. అక్కచెల్లెళ్లో, తల్లీకూతుళ్లో కలిసి వెళ్తే బస్సు ఖర్చు దాదాపు లేనట్టే. బస్సు దిగాక తీరం దాకా ఆటో మాట్లాడుకోవాలి. వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా ఒప్పుకుంటే మంచిది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఇక్కడ డబ్బుకన్నా ముఖ్యం. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేది చలికాలంలో. అదే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానాకాలంలో వస్తాయి. రెండు ఊళ్లవాళ్లూ ఆ పక్షుల్ని ఇంటి చుట్టాల్లా చూసుకుంటారు. వెళ్లినవాళ్లు కేకలు వేయకుండా, రాళ్లు విసరకుండా ఉంటే ఆ ఊళ్లను గౌరవించినట్టే.

అక్టోబరు రెండో వారం విషయంలో జాగ్రత్త అవసరం. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖను తాకింది. 2018లో తిత్లీ 11వ తేదీన పలాస దగ్గర తీరం దాటి, ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడిమామిడి చెట్లను నేలకూల్చింది. ఆ రోజుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా బయల్దేరకూడదు. ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటపై నిషేధం. తాజా చేపల కోసమే వెళ్లేవాళ్లకు ఆ రెండు నెలలూ నిరాశే. జీడిపళ్ల వాసనతో తోటలు నిండేది మాత్రం ఎండాకాలంలోనే.

బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది. ఒమన్ ఎడారిలో జీపు తోలినట్టు ఇక్కడి ఇసుకలోకి బండి దించితే గుడ్లు నలిగిపోతాయి. రాత్రివేళ టార్చి, ఫ్లాష్ వెలుతురు తాబేళ్లను దారి తప్పిస్తుంది. అలల్లోకి లోతుగా దిగడం కూడా వద్దు. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ ఊబిలా లాగుతుందో అక్కడి మత్స్యకారులకే తెలుసు. వాళ్లను అడిగి, వాళ్ల మాట వినాలి.

తాగే నీళ్ల గురించి అడగనివాళ్లు ఉండరు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. ఏళ్ల తరబడి ఒక ప్రాంతాన్ని వేధిస్తున్న జబ్బు అది. రెండు రోజులుండే చుట్టపుచూపు మనిషి దానికి జడిసి ఊరినే వెలివేసినట్టు ప్రవర్తించడం అన్యాయం. సీసా నీళ్లు వెంట తెచ్చుకున్నా, బొండాలు ఇక్కడే తాగాలి. తిత్లీ తర్వాత మళ్లీ మొక్కలు నాటి తోటను నిలబెట్టుకుంటున్న రైతుకు ఆ డబ్బు నేరుగా చేరుతుంది.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, ఆ ఊరి కోవా తినాలి. వెనక మహేంద్రగిరి కనిపిస్తుంది. కొండ ఒడిశాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. ఎక్కాలనుకుంటే మరో రోజు కేటాయించుకోవాలి.

జీడిపప్పు కొనడం చివరి రోజుకు పెట్టుకోవడం మేలు. పలాసను ఆనుకున్న కాశీబుగ్గ దుకాణాల్లో 180, 240, 320 అంటూ రకాలుంటాయి. పౌను బరువుకు సుమారుగా ఎన్ని పలుకులు తూగుతాయో చెప్పే అంకెలవి. అంకె తగ్గేకొద్దీ పలుకు పెద్దది, ధర ఎక్కువ. పెళ్లివారికి ఇవ్వాలంటే గుండ్లు కొనాలి గానీ ఇంట్లో ఉప్మాకీ పాయసానికీ బద్దలు, ముక్కలు చాలు. రుచిలో తేడా లేదు, ధర బాగా తగ్గుతుంది.