మోచేతి దెబ్బ – వ్రేళ్ళ పట్టు

సూదిలో దారమెక్కించుట, ముగ్గుపిండిని సన్నగా జార్చుట, చొక్కా బొత్తాము పెట్టుకొనుట – ఇవన్నియు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసి చేయు పనులు. ఈ పట్టును ముఖ్యముగా నడపు నాడిని వైద్యులు మీడియన్ నాడి యందురు. చేతి నడుమగా సాగునది గనుక దీనిని మధ్యనాడి యని పిలుచుకొందము. వ్రేళ్ళు పట్టు తప్పినపుడు దోషము వ్రేళ్ళలోనో మణికట్టులోనో ఉన్నదని తలచుట సహజము. కాని ఒక్కొక్కప్పుడు దాని మూలము మోచేతి దగ్గర నుండును. ఆ సంగతినే ఇచట వివరింపదలచితిమి.

మధ్యనాడి మెడయొద్ద వెన్నుపాము నుండి బయలుదేరి, చేతికి నెత్తురు తెచ్చు పెద్ద ధమని వెంట దిగి, మోచేతి ముందుభాగమునకు చేరును. గోడకు మోచేయి తగిలినపుడు జివ్వుమనునది ఇది కాదు; అది వెనుకప్రక్కనున్న వేరొక నాడి. మధ్యనాడి అచటినుండి, అరచేతిని బోర్లించు కండరపు రెండు పాయల నడుమ దూరి, ముంజేతి లోతున మణికట్టు వరకు పోవును. ఎముకకు, ధమనికి, కండరమునకు ఇంత చేరువగా నుండుటయే దీనికి ముప్పు.

5 మొదలు 7 ఏండ్ల పిల్లలు చేయి చాపి పడినపుడు, మోచేతికి కొంచెము పైన ఎముక విరుగుట తరచుగా జరుగును. విరిగిన మొన ముందుకు వచ్చి నాడిని నొక్కవచ్చును. అప్పుడు ఎక్కువగా దెబ్బతినునది దాని లోతు శాఖ. ఈ శాఖ ఒక్కటే చెడిన రోగులను గూర్చి కిలో, నెవిన్ అను వైద్యులు 1952లో వ్రాసిరి. దీనికి చర్మస్పర్శతో సంబంధము లేదు గనుక తిమ్మిరి యుండదు. బొటనవ్రేలి కొనను చూపుడువ్రేలి కొనకు తాకించి సున్న చుట్టుమన్నచో గుట్టు బయటపడును. శాఖ చెడిన బిడ్డకు కొనకణుపులు వంగవు; సున్నకు బదులు వ్రేళ్ళు చదునుగా ఆనుకొనును. ఇట్టివి పెక్కు కొన్ని మాసములలో తమంతట తామే నయమగును.

అంతకంటె భయంకరమైనది బిగికట్టు. వాచిన చేతికి బద్దలు పెట్టి బిగించినచో లోపలి కండరములకు నెత్తురందదు. సుమారు 6 గంటలు అట్లే గడచినచో కండరములు చచ్చి, నాడియు చెడి, వ్రేళ్ళు కొంకర్లు పోయి జీవితాంతము అట్లే యుండును. జర్మను శస్త్రవైద్యుడు ఫోక్‌మన్ 1881లో దీనిని వర్ణించెను. వ్రేళ్ళను మెల్లగా చాపినపుడు బిడ్డ తాళలేక ఏడ్చుట, ముంజేయి రాయివలె గట్టిపడుట, వ్రేళ్ళు పాలిపోవుట – ఇవి ప్రమాద చిహ్నములు. నాడి ముందే దెబ్బతిన్నచో నొప్పి తెలియకపోవచ్చును. కనుక ఏడ్చుట లేదని నిశ్చింతగా నుండరాదు. చేతిని లాగక, తోమక, ఉన్న తీరుననే ఒక బద్ద ఆసరాగా వదులుగా కట్టి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కట్టు కట్టించిన పిదప ఈ చిహ్నములు కానవచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు.

పెద్దలకు వచ్చునది మరియొక తీరు. మరచీలలు త్రిప్పువారికి, బరువు బట్టలు పిండువారికి, ముంజేతిని పదేపదే మెలిత్రిప్పుటచే కండరపు పాయల నడుమ నాడి ఒరసుకొనవచ్చును. మణికట్టు వద్ద నాడి నలిగినపుడు బాధ రాత్రివేళ నిద్ర లేపును. అరచేతి మొదలున స్పర్శ చెడదు. ముంజేతిలో నలిగినపుడు బాధ పనిచేయునపుడు హెచ్చును. అరచేతి మొదలును మొద్దుబారవచ్చును. ఈ భేదము తెలియక మణికట్టుకే చికిత్స చేయించుకొన్నచో ఫలముండదు. పెక్కుమందికి ఆ మెలిత్రిప్పు పనికి కొన్ని వారములు విరామమిచ్చుటయే మందు. మాసములు గడచినను తగ్గనిచో శస్త్రచికిత్స ఆలోచింతురు.

తెగిన నాడి తిరిగి పెరుగుట దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. మోచేతినుండి వ్రేలికొనకు ఎన్ని దినములు పట్టునో లెక్కించి చూడుడు. నాడికి ఓర్పు కావలెను. నెత్తురందని కండరమునకు తొందర కావలెను. ఇంటిలో బిడ్డ మోచేయి విరిగిననాడు ముందుగా ఈ రెండవది జ్ఞాపకముంచుకొనుడు.