మడ అడవిలో చేపల వేటగాళ్లు

అలాస్కాలోని బ్రూక్స్ జలపాతం దగ్గర ప్రతి ఏటా జూలై మాసంలో ఎలుగుబంట్లు నీళ్లలో నిలబడి, ఏటికి ఎదురెక్కే సాల్మన్ చేపలను నోటితో అందుకుంటాయి. ఆ వింత చూడడానికి ఎక్కడెక్కడి జనమో వెళ్తారు. సాల్మన్ వలె మన పులస కూడా సముద్రం విడిచి, వరద రోజుల్లో గోదావరికి ఎదురీది ధవళేశ్వరం దాకా వస్తుంది. అయితే మన దగ్గర చేపల కోసం కాచుకునేవి ఎలుగుబంట్లు కావు, వేరే జంతువులు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఈ పాయల్లో నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి.

నీటికుక్కలు కుటుంబాలుగా తిరుగుతాయి. మేము పడవలో వెళ్లినప్పుడు, ఆటు వేళ బురదగట్టు పక్కన అయిదు తలలు నీటిపైకి లేచాయి. అవి ఒక్కుమ్మడిగా మునిగి, చేపలను గట్టువైపు తరిమాయి. పట్టిన చేపను ముందుకాళ్లతో బిగించి, తల వైపు నుండి కరకర నమిలాయి. పడవవాడు మోటారు ఆపి, మాట్లాడవద్దని మాకు సైగ చేశాడు.

బావురుపిల్లి మాత్రం ఒంటరిది, ఎక్కువగా రాత్రి వేటాడుతుంది. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. వేళ్ల మధ్య కొంతమేర చర్మపు పొర ఉంటుంది. రెండు పొరల దట్టమైన బొచ్చు వలన నీరు ఒంటికి అంటదు. గట్టున కదలక కూర్చుని, చేప దగ్గరకు రాగానే పంజాతో లాగుతుంది, అవసరమైతే దూకుతుంది. మాకు దాని అడుగుజాడలే కనబడ్డాయి.

ఈ జీవులకు ముప్పు మనిషి నుండే వచ్చింది. మడచెట్లు నరికి రొయ్యల చెరువులు తవ్వారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతులు మినహా, తొలగించమని తీర్పు చెప్పింది. అయినా అభయారణ్యం వెలుపల చెరువుగట్ల మీద బావురుపిల్లి దొంగగానే ఎంచబడుతోంది. దానికి ఉచ్చు పెట్టేవారు, విషం పెట్టేవారు లేకపోలేదు. చేపలు తినే ఆ పిల్లే ఎలుకలనూ తింటుందని రైతులు గుర్తించాలి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం.

ఉప్పెన వచ్చినప్పుడు అలల జోరును తగ్గించేది మడచెట్లే. చేపపిల్లలు పెరిగేది వాటి వేళ్ల నడుమే. ఆ అడవి పోతే నీటికుక్కతోపాటు మన జాలరి వల కూడా ఖాళీ అవుతుంది. మీ చెరువుగట్టున బావురుపిల్లి కనబడితే కర్ర ఎత్తకండి, అటవీశాఖ వారికి కబురు చేయండి. ఈ సంగతి మీ పిల్లలకు కూడా చెప్పండి.