పలకగనుల చెంత వాగునీటిని ఎందుకు పరీక్షింతురు?

అక్షరాభ్యాసమునకు పలకలనొసంగిన మార్కాపురము గనులలో రాయి త్రవ్వి, చీల్చి, కోసినపుడు రాలెడి సన్నని పొడి వానకు కొట్టుకొనిపోయి వాగులలోనికిని, వానిద్వారా గుండ్లకమ్మ నదిలోనికిని చేరి, నీటిని కలచి, అడుగున మేటవేయును. కావున పరీక్షకులు గనికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీరు పట్టి రెంటిని పోల్చుదురు. ఎగువనీటి లెక్క లేనిదే దిగువనీటి దోషమును గనిపై మోపుట న్యాయము కాదు.

ఈ జాగ్రత్త మార్కాపురమున్న పశ్చిమ ప్రకాశ ప్రాంతమున మరింత అవసరము. ఏలయన, ఇచ్చటి భూగర్భజలములలోనికి ఫ్లోరైడు శిలలనుండి సహజముగనే కరగి వచ్చుచున్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో దంతములకును, ఎముకలకును హాని కలిగించు ఈ పదార్థము రంగు, వాసన లేక తేటనీటిలోనే దాగియుండును. మడ్డినైతే కన్నే పట్టగలదు, అదియు వాన వెలిసిన వెంటనే చూచినచో. వేసవిలో మడుగుకట్టి తేరిన నీటిని మాత్రమే కొలిచి వాగు నిర్మలమనుట నాకు హాస్యాస్పదముగా తోచును.