నాగావళి ఒడ్డున రాయగడ

అరకులోయ నుండి తూర్పు కనుమల వెంట ఈశాన్యముగా పోయినచో, నాగావళి ఒడ్డున రాయగడ పట్టణము కనబడును. నందపురం రాజు విశ్వనాథదేవుడు 16వ శతాబ్దిలో తన రాజధానిని ఇక్కడికి మార్చెనని చెప్పుదురు. ఆంగ్లేయుల కాలమున జయపురం జమీందారీలోని ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండెడిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా, అనగా నేటి ఒడిశా, ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడగా దానిలో చేరెను. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడివడి జిల్లా కేంద్రమైనది. అధికారుల భాష మారినను, బజారులో తెలుగు నేటికిని వినబడుచునే యున్నది.

కాలహండి కొండలలో పుట్టిన నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లు. అందు 161 ఒడిశాలోనివే. తరువాత తోటపల్లి దాటి, శ్రీకాకుళము మీదుగా పోయి సముద్రమున కలియును. ఎగువన వాలు ఎక్కువ. కొండలపై కురిసిన భారీవర్షము నేలలో ఇంకక, వాగులగుండా గంటలలోనే నదిలోనికి దిగును. అందుచే శ్రీకాకుళమున ఎండ కాయుచుండగనే వరద రావచ్చును! రాయగడలోని వర్షమాపకపు అంకె సకాలమున అందినచో తోటపల్లి గేట్లను ముందుగా ఎత్తవచ్చును, నదీతీరపు పల్లెలను హెచ్చరింపవచ్చును. అయితే ఆ అంకె రెండు రాష్ట్రముల కార్యాలయములను దాటి రావలెను. రాష్ట్రపు హద్దు వద్ద ఆగిపోవు పాఠశాల పటములో ఈ సంగతి విద్యార్థికి కనబడదు. నదీ పరీవాహక ప్రాంతపు పటమును చూపవలసి యుండును.