చప్పుడు లేకపోతే ఇంజను బాగున్నట్టేనా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోకి ఒకసారి వెళదాం రండి. 1960లలో మొదలైన ఈ పేటలో ఎక్కడ చూసినా సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, కాలిన ఆయిలు వాసన! ఒక షెడ్డు ముందు పాత అంబాసిడర్ టాక్సీ ఆగి ఉందనుకోండి. డ్రైవరు మేస్త్రితో అంటున్నాడు:

"మేస్త్రిగారూ, బండి లాగడం లేదు. దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మరీ నీరసపడుతోంది. అయితే ఒక్కటి మాత్రం నయం. ఇదివరకు ఇంజను టకటకమని కొట్టుకునేది. ఇప్పుడా చప్పుడు దానంతటదే పోయింది!"

మేస్త్రి సంతోషించలేదు. "చప్పుడు పోయిందా? అదేనయ్యా నా భయం" అన్నాడు.

చప్పుడు పోతే భయమెందుకు? ఈ చిక్కు విడాలంటే ఇంజనులో ఉండే తలుపుల సంగతి తెలుసుకోవాలి.

ఇంజనుకూ తూములున్నాయి

కృష్ణా డెల్టా పిల్లలకు తూము గురించి వేరే చెప్పనక్కరలేదు. కాలువ నీరు చేనికి రావాలంటే తూము తలుపు ఎత్తుతాం, చాలనుకుంటే దించుతాం. తలుపు కింద చిన్న రాయి అడ్డుపడితే? దిగినట్టే కనిపిస్తుంది కాని నీరు కారుతూనే ఉంటుంది.

అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరుకూ ఇలాంటి తలుపులు రెండుంటాయి. వీటినే కవాటాలు లేదా వాల్వులు అంటారు. ఒకటి పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి రానిస్తుంది. రెండవది కాలిన వాయువులను బయటకు పంపుతుంది. 1489 సి.సి. గల ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది!

తెరిచేదెవరు? క్యామ్ షాఫ్ట్ అనే ఇరుసు మీద కోడిగుడ్డు ఆకారంలో మిట్టలుంటాయి. ఇరుసు తిరిగేటప్పుడు మిట్ట వచ్చి ట్యాపెట్‌ను పైకి నెడుతుంది. ట్యాపెట్ పుష్ రాడ్ అనే కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ రాకర్ ఒక కొనను ఎత్తుతుంది. రాకర్ రెండవ కొన దిగి వాల్వును నొక్కి తెరుస్తుంది. మిట్ట దాటిపోగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది.

కావాలనే వదిలిన సందు

వాల్వు మూసి ఉన్నప్పుడు రాకర్ కొనకూ వాల్వు కాడకూ మధ్య కొంచెం సందు వదులుతారు. ఎందుకు?

బండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం మీరు చూశారా? పట్టాను నిప్పుల్లో కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడుగుతారు. వేడికి లోహాలు వ్యాకోచిస్తాయని మీ పాఠంలో చదివారు కదా! వాల్వు కూడా అంతే. 10 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ 300 సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.36 మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. వాల్వు చుట్టూ ఉన్న ఇంజను హెడ్డు కూడా కొంత పెరుగుతుంది గాని, వాల్వు అంత వేడెక్కదు. సందు వదలకపోతే పెరిగిన కాడ రాకర్‌కు తగులుకుంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోలేదు.

అందుకే ఈ ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు సందు పెడతారు. మేస్త్రుల భాషలో "పదిహేను తౌ". తౌ అంటే అంగుళంలో వెయ్యవ వంతు.

చప్పుడు చేసే తప్పు, చేయని తప్పు

రాకర్ కొన అరిగితే సందు పెరుగుతుంది. రాకర్ వాల్వు మీద సుత్తిలా కొట్టి టకటకమంటుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది, బలం కొంత తగ్గుతుంది. ఇది చప్పుడు చేసే తప్పు కనుక డ్రైవరు చెవిన పడుతుంది.

వాల్వు కూర్చునే సీటు అరిగితే దీనికి విరుద్ధం. వాల్వు సీటులోకి దిగబడేకొద్దీ దాని కాడ రాకర్ వైపు జరుగుతుంది. సందు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. చివరకు సందే ఉండదు. రాయి అడ్డుపడిన తూములాగా సిలిండరులోని ఒత్తిడి కారిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. కాలిన వాయువులను పంపే వాల్వు తల ఆరేడు వందల డిగ్రీల దాకా వేడెక్కగలదు. మూసుకున్నప్పుడు సీటును ఆనుకుని, తన వేడిలో చాలా భాగాన్ని సీటుకు ఇచ్చి చల్లబడుతుంది. ఆనుకోలేని వాల్వు చల్లబడలేదు. పైగా మండే వాయువులు ఆ సన్నని సందులోంచి దూసుకుపోతూ దాని అంచును కాల్చేస్తాయి.

మేస్త్రి భయం ఇప్పుడు అర్థమయిందా?

తొమ్మిదో ఎక్కం కాదు, తొమ్మిది కూడిక!

ఇంజను చల్లారాక మేస్త్రి పై మూత విప్పాడు. వాల్వులకు ముందు నుంచి 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకున్నాడు. హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పి, 8వ వాల్వు పూర్తిగా తెరుచుకోగానే ఆపాడు. కాని కొలిచింది 1వ వాల్వు సందు. తరువాత 6వది తెరిచి 3వది కొలిచాడు. 4వది తెరిచి 5వది, 7వది తెరిచి 2వది. ఏ జతనైనా కూడండి, తొమ్మిదే వస్తుంది!

ఇది మంత్రం కాదు. ఈ జతల్లో ఒక వాల్వు మిట్ట పైకి చూస్తుంటే, రెండవ వాల్వు మిట్ట సరిగ్గా కిందికి చూస్తుంది. అంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకుని ఉందన్నమాట. సందు కొలవడానికి అదే సరైన సమయం.

కొలిచే సాధనం ఫీలర్ గేజి, అంటే పలుచని ఉక్కు రేకు. రేకు మరీ వదులుగానూ, బిగుసుకునీ ఉండకూడదు. రెండు పుస్తకాల మధ్య నుంచి కాగితం లాగినట్టు కాస్త పట్టి రావాలి. సరిపోకపోతే నట్టు వదులు చేసి స్క్రూ తిప్పాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదలవచ్చు కనుక బిగించాక మళ్ళీ కొలవాలి. రాకర్ కొనలో గుంట పడితే రేకు గుంట పైనుంచే పోతుంది. అప్పుడు అసలు సందు కొలతకన్నా ఎక్కువ! అనుభవం అవసరమయ్యేది ఇక్కడే.

అమెరికాలో 1964లో వచ్చిన పోంటియాక్ జి.టి.ఓ. వంటి శక్తిమంతమైన కార్లలో ఎనిమిది సిలిండర్లు, పదహారు వాల్వులు. చాలావాటిలో ట్యాపెట్ లోపల ఉండే ఆయిలే సందును పూడుస్తుంది. అంబాసిడర్‌కు ఆ సౌకర్యం లేదు. 2014లో దాని తయారీ ఆగిపోయినా, మిగిలిన పాత పెట్రోలు ఇంజన్లకు ఈ రేకూ, ఈ చెయ్యీ కావలసిందే.

మన డ్రైవరు సంగతేమయింది? ఏడు వాల్వులకు సందు సరిచేస్తే సరిపోయింది. 8వ దానిలో రేకు దూరనే లేదు. హెడ్డు విప్పి చూస్తే వాల్వు అంచు కాలి ఉంది. నెల ముందు వస్తే గంటలో అయ్యే పనికి ఇప్పుడు మూడు రోజుల కిరాయి పోయింది. "టకటకమన్నప్పుడే తిట్టుకోకుండా రావలసింది" అన్నాడతను.

"చప్పుడు చేసేది మనతో మాట్లాడుతుందయ్యా" అన్నాడు మేస్త్రి, "మాట మానేసినదాన్నే ముందు చూడాలి."

మీకో ప్రశ్న: 5వ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంది. ఇప్పుడు ఏ వాల్వు సందు కొలవాలి? ఎందుకో మీ స్నేహితులకు వివరించండి.