జేబులో పట్టే తుపాకీ: గురి ఎంత, రక్షణ ఎంత?

అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నదై, సాధారణంగా ఒకటి లేదా రెండు పొట్టి గొట్టాలే ఉండి, ఒక్కొక్క గొట్టంలో ఒక్కొక్క తూటాను చేత్తో పెట్టి పేల్చవలసిన తుపాకీని డెరింజర్ అంటారు. రివాల్వర్‌లో ఐదారు తూటాలు గుండ్రంగా తిరిగే దిమ్మలో అమరి ఉంటాయి, పిస్తోలులో పిడి లోపలి అర నుంచి తూటాలు ఒకదాని వెనుక ఒకటి పైకి వస్తాయి. డెరింజర్‌లో అటువంటి ఏర్పాటేదీ లేనందువల్ల ఎన్ని గొట్టాలుంటే అన్ని తూటాలే ఉంటాయి, అవి అయిపోతే దానిని విప్పి మళ్లీ నింపుకోవాలి. అమెరికాలో ఇది చౌకగా దొరుకుతుంది, జేబులోనో చేతిసంచిలోనో పడుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ చౌకదనం కోసం, ఆ పొట్టిదనం కోసం అందులో ఏమేమి వదులుకోవలసి వచ్చిందో అంత తేలికగా కంటికి కనిపించదు.

ఈ ఆయుధం పులికాట్ సరస్సు సమీపంలోని మా సూళ్లూరుపేటలో ఏ అంగడిలోనూ దొరకదు. అయినా ఆత్మరక్షణకు చిన్న తుపాకీ పనికొస్తుందా అన్న ప్రశ్న ఈ తీరంలో పుట్టకుండా ఉండదు. చెన్నై నుంచి రాత్రి లోకల్ రైలు దిగి ఇంటికి నడిచే ఉద్యోగినులకు, తడ సమీపంలోని శ్రీసిటీ కర్మాగారాలలో రాత్రి షిఫ్టు ముగించుకొని బస్సు దిగే యువతులకు తమ రక్షణ నిత్యజీవితపు చింత. అమెరికాలో చదువుకుంటూ పెట్రోలు బంకులలోనూ చిల్లర దుకాణాలలోనూ పొద్దుపోయేదాకా పనిచేసే తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులకు ఆ చింత సముద్రాలకు అవతల ఉంటుంది. తుపాకీమందు ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు: పులికాట్ సరస్సు దక్షిణపు కొసన డచ్చివారు 1613లో నెలకొల్పిన గెల్డ్రియా కోటలో 17వ శతాబ్దంలో తుపాకీమందు తయారై, ఆసియాలోని వారి ఇతర స్థావరాలకు ఓడలమీద వెళ్లేది. కొత్తగా వచ్చినదల్లా తుపాకీ జేబులో ఉంటే చాలు రక్షణ దొరుకుతుందన్న నమ్మకమే. దానిని పరీక్షించాలంటే డెరింజర్ చరిత్ర నుంచి మొదలుపెట్టాలి.

ఫిలడెల్ఫియా నగరంలో హెన్రీ డెరింజర్ అనే తయారీదారుడు 19వ శతాబ్దపు పూర్వార్ధంలో తయారుచేసిన జేబు పిస్తోళ్లకు గొప్ప గిరాకీ ఏర్పడగా, వాటికి ఆయన పేటెంటు తీసుకోకపోవడంతో అనుకరణలు పుట్టుకొచ్చి, కాలక్రమంలో ఆయన ఇంటిపేరే ఆ జాతి తుపాకులన్నిటికీ వాడుకపేరైంది. లోకానికి ఈ పేరును శాశ్వతంగా గుర్తుండేలా చేసిన ఘటన 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో జరిగింది. నటుడు జాన్ విల్క్స్ బూత్ నాటకం చూస్తున్న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ వెనుకకు చేరి, డెరింజర్‌ను దాదాపు తల దగ్గరే పెట్టి ఒకే ఒక తూటా పేల్చగా, లింకన్ మర్నాడు ఉదయం మరణించాడు. ఆ వెంటనే జరిగిన దానిని ఆత్మరక్షణ గురించి ఆలోచించేవారు శ్రద్ధగా గమనించాలి: పక్కనే ఉన్న మేజర్ రాత్‌బోన్ పైకి లేచి పట్టుకోబోయేసరికి బూత్ చేతిలోని పిస్తోలు ఖాళీ లోహపు ముక్క అయిపోయింది, దానిని పారవేసి అతడు కత్తి తీయవలసి వచ్చింది. సమయాన్ని, స్థలాన్ని, దూరాన్ని తానే ఎంచుకొని వెనుకనుంచి వచ్చిన హంతకుడికి అది పనికొచ్చింది. ఎదురుగా మీదికి వచ్చిన మనిషిని ఆపవలసిన క్షణంలో అదే హంతకుడికి అది ఎందుకూ కొరగాలేదు. ఆత్మరక్షణ చేసుకొనే మనిషి ఎప్పుడూ ఉండేది ఈ రెండో స్థితిలోనే.

ఆ తరువాత రెమింగ్టన్ కంపెనీ ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలున్న డెరింజర్‌ను 1866లో మొదలుపెట్టి 1935 వరకు తయారుచేసింది. నేటి చౌక డెరింజర్లలో ఎక్కువ భాగం దాని నమూనా మీద వచ్చినవే. దాని తూటా వేగం సెకనుకు సుమారు 130 మీటర్లు, అంటే నేటి సాధారణ 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా వేగంలో మూడోవంతుకు అటూ ఇటూ మాత్రమే. 20వ శతాబ్దపు చివరి దశకాలలో కాలిఫోర్నియాలోని కొన్ని కంపెనీలు ఇదే నమూనాను ఉక్కుకు బదులు జింకు మిశ్రలోహంతో పోతపోసి, సుమారు 100 డాలర్లకే అమ్మాయి. తూటాల బలం అప్పటికి పెరిగింది; ఆకారం మాత్రం పాతదే మిగిలింది.

గురి సంగతి కొంచెం నిదానంగా చూడవలసిన విషయం. తుపాకీ గొట్టం లోపల మెలికలు తిరిగిన సన్నని గాళ్లు ఉంటాయి, వీటినే రైఫ్లింగ్ అంటారు. ఇవి తూటాను బొంగరంలా తిప్పి, గాలిలో తలకిందులు కాకుండా తిన్నగా పోయేలా చేస్తాయి. చౌక డెరింజర్‌లో కూడా ఈ గాళ్లు ఉంటాయి కాబట్టి, దానిని కదలకుండా బిగించి పేలిస్తే నాలుగైదు మీటర్ల దూరంలో తూటాలు మరీ చెదిరిపోవు. చిక్కంతా దానిని మనిషి చేత్తో పట్టుకున్నప్పుడు మొదలవుతుంది. గొట్టం మీద ముందొకటి, వెనుకొకటి ఉండే గురి గుర్తులను కంటితో ఒకే వరుసలోకి తెచ్చి లక్ష్యాన్ని చూస్తారు. ఆ రెండు గుర్తుల నడుమ దూరం తగ్గినకొద్దీ చిన్న పొరపాటు పెద్దదవుతుంది. గుర్తుల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు ఉన్న డెరింజర్‌లో వరుస ఒక మిల్లీమీటరు తప్పితే, ఏడు మీటర్ల దూరంలో తూటా తొమ్మిది సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. గుర్తుల మధ్య దూరం రెట్టింపు ఉన్న రివాల్వర్‌లో అదే పొరపాటు అందులో సగమే అవుతుంది. భయంతో వణికే చేతిలో మూడు మిల్లీమీటర్ల తేడా వింతేమీ కాదు, అప్పుడు తూటా ఒక జానెడుకు మించి, ఇంచుమించు 28 సెంటీమీటర్లు, తప్పిపోతుంది. ఎదుటి మనిషి ఛాతీ మధ్యకు గురిపెట్టినా పక్కనుంచి దూసుకుపోవడానికి అంత చాలు. చౌక నమూనాలలో ఆ గుర్తులు కూడా పేరుకు మాత్రమే ఉంటాయి, చీకటిలో కనిపించవు.

దీనికి తోడు ట్రిగ్గర్. తుపాకీ బరువు మూడు నాలుగు వందల గ్రాములు ఉంటే, దాని ట్రిగ్గర్‌ను లాగడానికి కొన్ని కిలోల బలం కావలసి వస్తుంది. పిడి రెండు వేళ్లకు మించి పట్టు ఇవ్వదు కాబట్టి, వేలు బలంగా లాగేకొద్దీ గొట్టమే కిందికో పక్కకో తిరుగుతుంది. తూటా ముందుకు పోయే ఊపుకు సమానమైన ఊపు తుపాకీని వెనక్కి తన్నుతుంది, తుపాకీ తేలికైన కొద్దీ ఆ తాకిడి చేతికి మరింత పదునుగా తెలుస్తుంది, దానితో రెండోసారి పేల్చేలోపు పట్టు జారి గురి మొదటినుంచి కుదుర్చుకోవలసి వస్తుంది. రెండు గొట్టాలూ ఒకే బిందువుకు చేరేలా అమర్చడం ఖర్చుతో, నైపుణ్యంతో కూడిన పని. చౌక తయారీలో అది సరిగా జరగనందువల్ల పై గొట్టం తూటా ఒకచోట, కింది గొట్టం తూటా మరొకచోట తగలడం ఈ జాతి తుపాకులలో తరచు కనిపించే లోపం. దీన్ని సాధనతో దిద్దుకోవచ్చని కొందరంటారు. కొంతవరకు నిజమే, కానీ చేతిని నొప్పించే తుపాకీతో వందలసార్లు సాధన చేసే ఓపిక ఎవరికి ఉంటుంది?

గురి తరువాతి ప్రశ్న సమయానిది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని, అంటే ఆరు మీటర్ల పైచిలుకును, సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీదికి రాగలడు. నడుముకు తుపాకీ కట్టుకున్న శిక్షితుడైన పోలీసుకే అది దాన్ని తీసి పేల్చడానికి బొటాబొటీగా సరిపోయే వ్యవధి. డెరింజర్ విషయంలోనైతే సంచిలో తడిమి దానిని వెతకాలి, తూటా అడుగున కొట్టే హ్యామర్ అనే భాగాన్ని బొటనవేలితో వెనక్కి లాగాలి, ఆపైన గురిపెట్టి ఆ బరువైన ట్రిగ్గర్ నొక్కాలి. హ్యామర్‌ను ముందే లాగి ఉంచుకోవడం మరింత ప్రమాదం; పాత నమూనాలలో అది కిందికి దిగి ఉన్నప్పుడు కూడా తుపాకీ నేలమీద పడితే పేలే అవకాశం ఉంది. తప్పిపోయిన తూటా ఎక్కడికి పోతుందన్నది కూడా ఆలోచించాలి. అన్నిటికంటే చిన్నదనుకొనే 0.22 తూటా సైతం అడ్డు లేకుంటే కిలోమీటరుకు పైగా పోగలదు. బస్టాండులోనో రైల్వే ప్లాట్‌ఫారం మీదనో దానికి అడ్డు వచ్చేది మరొక మనిషి.

భారతదేశంలో డెరింజర్‌కు దగ్గరి బంధువులు రెండున్నాయి, ఒకటి చట్టబద్ధమైనది, ఒకటి దొంగది. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన సామూహిక అత్యాచారం తరువాత, 2014 జనవరిలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సంస్థ నిర్భీక్ అనే 0.32 రివాల్వర్‌ను మహిళలను ఉద్దేశించి విడుదల చేసింది. కాన్పూర్‌లో తయారైన ఆ టైటానియం మిశ్రలోహపు ఆయుధం బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర సుమారు 1,22,000 రూపాయలు. దానిని నగల పెట్టె వంటి పెట్టెలో పెట్టి అమ్మారు. సాంకేతికంగా అది చౌక డెరింజర్ కంటే అన్నివిధాలా మెరుగు, ఆరు తూటాలు ఉంటాయి, తయారీ నమ్మదగినది. కానీ షిఫ్టు కూలితో బతికే యువతి రక్షణకు లక్షకు పైగా ఖరీదుచేసే వస్తువును జవాబుగా చూపడం, వీధిదీపం, బస్సు, పోలీసు గస్తీ చేయవలసిన పనిని ఆమె చేతిసంచిలోకి నెట్టడమే అవుతుంది. నాడు మహిళా సంఘాల నుంచి వచ్చిన విమర్శ న్యాయమైనది.

కొనగలిగినవారికి కూడా లైసెన్సు తేలిక కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు మాత్రమే దరఖాస్తు చేయవచ్చు, పోలీసుల విచారణ నివేదిక వచ్చాక లైసెన్సు అధికారి నిర్ణయిస్తారు. సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4న నెల్లూరు నుంచి విడిపోయి కొత్త తిరుపతి జిల్లాలో చేరినందువల్ల ఇక్కడివారి దరఖాస్తులు ఇప్పుడు తిరుపతి కలెక్టరేటుకు వెళ్లాలి. 2016 నాటి ఆయుధాల నియమావళి దరఖాస్తుదారులకు సురక్షిత వినియోగంలో శిక్షణను తప్పనిసరి చేసింది. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమనడం మామూలే, అంటే ఆయుధం మీద భరోసా పెట్టుకున్నవారు ఆ వారాలలో అది లేకుండానే బతకాలి.

రెండో బంధువు తపంచా, అంటే దొంగచాటుగా తయారయ్యే నాటు పిస్తోలు. బీహారులోని ముంగేరు వంటి చోట్ల నుంచి వచ్చే ఈ సరుకు తెలుగు జిల్లాలలో కూడా అప్పుడప్పుడు పోలీసులకు పట్టుబడుతూ ఉంటుంది. ఒకే గొట్టం, ఒకే తూటా, విప్పి నింపుకొనే ఏర్పాటు ఉన్నందువల్ల దీనిని దేశీయ డెరింజర్ అనడం తప్పు కాదు, కానీ డెరింజర్‌లోని లోపాలన్నీ ఇందులో పదింతలు అవుతాయి. గొట్టం చాలాసార్లు మామూలు ఇనుపపైపు, లోపల గాళ్లు ఉండవు కాబట్టి తూటా తిరగక, తలకిందులై ఎటైనా పోతుంది. లైసెన్సున్న కర్మాగారపు తుపాకీని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడిగల తూటాతో పరీక్షించి ముద్ర వేశాకే అమ్ముతారు. తపంచాకు ఆ పరీక్ష ఉండదు, మొదటి పరీక్ష కొన్నవాడి చేతిలోనే జరుగుతుంది. రైఫిల్ తూటాల ఒత్తిడికి అటువంటి పైపు పగిలి పేల్చినవాడి వేళ్లు పోవచ్చు, కన్ను పోవచ్చు.

చట్టం సంగతి ఇక్కడే స్పష్టంగా తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి ముప్పు ఎదురైనప్పుడు ఆ హక్కు దాడిచేసినవాడి ప్రాణం తీసేవరకు కూడా విస్తరిస్తుంది. అయితే పోలీసుల సహాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు అది వర్తించదు, అవసరానికి మించి హాని చేయడానికి అనుమతి లేదు. చేతిలో ఏ ఆయుధం ఉంది, అది ఎక్కడిది అన్నది వేరే కేసు. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నందుకు 2019 సవరణ తరువాత ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, జరిమానా ఉన్నాయి. అక్రమంగా తయారుచేసినవారికి, అమ్మినవారికి ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు పడుతుంది. అందువల్ల నిజంగానే ప్రాణం కాపాడుకోవడానికి తపంచా పేల్చిన మనిషి, హత్యానేరం నుంచి ఆత్మరక్షణ వాదనతో పూర్తిగా బయటపడినా, దానిని దగ్గర ఉంచుకున్న నేరానికి మాత్రం విడిగా జవాబు చెప్పుకోవలసిందే. లైసెన్సు అక్కరలేని మిరియపు స్ప్రే దగ్గర ఉంచుకొని 112కు ఫోను చేసిన మనిషికి ఈ చిక్కు లేదు, గురి తప్పితే దారినపోయేవారి ప్రాణం పోతుందన్న భయమూ లేదు.