కాంతిని రెండుగా చీల్చిన కొండ

ఐస్‌లాండ్ తూర్పు తీరంలో ఎస్కిఫ్యోర్దుర్ అనే చిన్న రేవు ఊరుంది. అది దాటి సముద్రపు పాయ వెంట ఇంకాస్త ముందుకు వెళ్తే కొండవాలులో హెల్గుస్టాదిర్ గని. ఇక్కడ తవ్వింది బంగారమూ కాదు, బొగ్గూ కాదు. ఐస్‌లాండ్ స్పార్ అనే కాల్సైట్ స్ఫటికం. అచ్చుకాగితం మీద ఆ తేట రాయిని పెడితే ప్రతి అక్షరమూ జంటగా కనిపిస్తుంది.

ఈ వింతను 1669లో లోకానికి చెప్పినవాడు కోపెన్‌హాగన్ ఆచార్యుడు రాస్మస్ బార్తొలిన్. 1690లో శాస్త్రవేత్త హైగెన్స్ దాన్ని తరంగాల లెక్కతో వివరించాడు. మన డిగ్రీ విద్యార్థులు పాఠాల్లో చదివే నికల్ పట్టకం కూడా ఈ రాయిని కోసి అతికించి చేసిందే.

కాల్సైట్‌లో పరమాణువుల అమరిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. అందుకే కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఊగే దిశను బట్టి వక్రీభవన గుణకం 1.658 నుంచి 1.486 దాకా మారుతుంది. సహజంగా చీలిన ముఖం మీద నిటారుగా పడిన కిరణంలో ఒక పాయ తిన్నగా పోతుంది, రెండోది 6 డిగ్రీలకు పైగా పక్కకు ఒరుగుతుంది.

ఈ ఒరుగును కంప్యూటర్‌లో రాబట్టడం నిజంగా కష్టమైన పని. 1966లో కేన్ యీ చూపిన పద్ధతిలో స్థలాన్ని చిన్న గళ్లుగా కోసి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను గడిలో వేర్వేరు చోట్ల ఉంచి, క్షణక్షణానికీ ముందుకు లెక్కిస్తారు. మామూలు గాజుకు ఒక్క సంఖ్య చాలు. కాల్సైట్‌కు తొమ్మిది సంఖ్యల మాత్రిక కావాలి, ఒక దిశలోని విద్యుత్ క్షేత్రం మరో దిశలోని దాన్ని కదిలిస్తుంది కాబట్టి. ఆ రెండు దిశల విలువలూ గడిలో ఒకేచోట ఉండవు. చుట్టుపక్కల విలువల సగటు తీసుకోవాలి. ఆ సగటు అజాగ్రత్తగా తీస్తే లెక్క అదుపు తప్పి అంకెలు అనంతంగా పెరిగిపోతాయి. నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు పరీక్ష ఇక్కడే.

పరిమాణం మరో అడ్డంకి. 20 నానోమీటర్ల గళ్లతో ఒక్క ఘన మిల్లీమీటరు రాయికి కోటి కోట్లకు మించి గళ్లు కావాలి. అందుకే కొన్ని మైక్రాన్ల ముక్కతోనే సరిపెడతారు.

ఇక హెల్గుస్టాదిర్ గని 1924 తర్వాత మూతపడింది. 1975 నుంచి అది రక్షిత ప్రదేశం, అక్కడి రాయిని వెంట తెచ్చుకోవడం నిషిద్ధం. ఇంజినీరింగ్ చదివే పిల్లలు మాత్రం ఎంఐటీలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ మీప్‌లో ఈ రాయి నమూనాను ఇంట్లోనే కట్టుకోవచ్చు. ముందుగా ఆ 6 డిగ్రీల ఒరుగు వస్తోందో లేదో చూడండి. అది రాకపోతే మిగతా ఫలితాలను నమ్మకండి.